బ్రేకులు: బాగు

పై డిపో,
అక్టోబరు 19.

అక్కా,

చేరాను. ఊపిరి మాత్రం ఇంకా చేరలేదు, కింది మలుపుల్లో ఎక్కడో దిగిపోయినట్టుంది. నాలుగు మెట్లెక్కితే నాన్న షెడ్డుకొచ్చే ముసలి లారీలా రొప్పుతున్నాను. పాతవాళ్ళు చూసి నవ్వుతున్నారు. పది రోజుల్లో అలవాటవుతుందట.

ఉండేది పొడుగాటి రేకుల గది. పన్నెండు మంచాలు, మధ్యలో ఒకే ఒక్క కిరోసిన్ పొయ్యి. పొయ్యికి ఎవరి మంచం ఎంత దగ్గరుందో దాన్ని బట్టి ఇక్కడ మనిషి హోదా. నాకు తలుపు పక్కన ఇచ్చారు. గదిని ఆనుకునే షెడ్డు. మీ ఫ్యాక్టరీ కొత్త బళ్ళు ఎనిమిది నా చేతిలో పెట్టారు. మంచు కొండల మీద కాపలా చౌకీలున్నాయి, వాటికి కిరోసిన్, పిండి, తూటాలు, ఉత్తరాలు మొయ్యడం బళ్ళ పని. వాటిని తిరిగేలా ఉంచడం నా పని.

ఒకటో నంబరు బండి తోలేవాణ్ణి అందరూ 'నిదానం' అంటారు. మూడో గేరనేది ఒకటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదని ఇక్కడి జోకు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను మొదటి రెండు రోజులూ వణికిపోతుంటే తన పరుపు చుట్టుకుని తలుపు దగ్గరికొచ్చి, నన్ను పొయ్యి పక్కకి నెట్టాడు. "వారం రోజులేరా, తర్వాత నా మంచం నాక్కావాలి" అన్నాడు.

మీ ఫ్యాక్టరీవాళ్ళు బళ్ళతో పాటు ఫారాలు కూడా పంపారు. రోజుకి బండికొకటి నింపాలి. ఇంజను, బ్రేకులు, బ్యాటరీ, చక్రాలు, ఒక్కో గడి గోరంత. చేతి తొడుగు తీస్తే వేళ్ళు కొయ్యలైపోతాయి, తియ్యకపోతే పెన్ను నిలవదు. అందుకని నాన్న షెడ్డు రిజిస్టరులో నువ్వు పెట్టిన పద్ధతే వాడుతున్నా. ఏమీ లేని రోజు ఒక గీత, చెయ్యి పెట్టిన రోజు రెండక్షరాలు. నీ బద్ధకం ఇన్నేళ్ళకి దేశానికి పనికొచ్చింది.

బావ రంగుల దగ్గు తగ్గిందా?

తమ్ముడు


రికార్డుల గది,
నవంబరు 11.

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు నింపిన ఫారాలు ఎక్కడికొస్తాయో తెలుసా? నా బల్ల మీదికే! మొన్న సంచీ విప్పితే పైనే నీ రాత. ప్రాణం లేచొచ్చింది. పక్క సీటాయనకి "మా తమ్ముడిది" అని చూపించాను. "రాత కోడి గీకినట్టుంది" అన్నాడు. చలి గురించి అతనికేం తెలుసు.

నేను పనిచేసే గది నీకు చూపించలేదు కదూ. మెట్ల కింద ఉంటుంది. కిటికీ ఉంది గానీ అది పక్క గోడ వైపే తెరుచుకుంటుంది. అన్ని డిపోల ఫారాలూ ఇక్కడికొస్తే, గళ్ళు లెక్కపెట్టి 'నమ్మకం నివేదిక' తయారు చెయ్యాలి. అంటే ఈ బండిని నూటికి ఎంత నమ్మవచ్చో చెప్పే కాగితం అన్నమాట. డిసెంబరులో పైకి వెళ్తుంది. ఈసారి ఆ పనిలో నాకూ భాగముంది. ఆరేళ్ళుగా టెంపరరీగా పడున్నాను, ఇది బాగా వెళ్తే పర్మినెంటు చేస్తానని మేనేజరు మాటిచ్చాడు.

ఇంకో సంగతి. అన్ని డిపోల్లోకీ మీ డిపోదే పై వరుస! మేనేజరు నీ ఫారాలు పట్టుకుని గదంతా తిప్పి చూపించాడు. "ఫారం నింపితే ఇలా నింపాలి, బండి చూసుకుంటే ఇలా చూసుకోవాలి" అన్నాడు. నేను గర్వంతో ఉబ్బిపోయాను.

మా శీతల గదిలో ఒక్కో నమూనా బండిని ఆరు గంటలు ఉంచి పరీక్ష చేస్తారు. ఎండాకాలంలో ఇంజనీర్లు టీ తాగేది ఆ గదిలోనే, అంత హాయిగా ఉంటుందట. మీ బావ దగ్గు అలాగే ఉంది. నీ చేతిలో ఉన్న బళ్ళకి రంగేసింది తనే కాబట్టి గీతలు పడకుండా చూసుకోమంటున్నాడు.

ఉన్ని బనియన్లు రెండు పంపుతున్నా. నిదానం గారికి ఒకటివ్వు.

అక్క


పై డిపో,
డిసెంబరు 8.

అక్కా,

బనియను అందింది. నిదానం దాన్ని తీసుకుని, "మీ అక్క కొలత తీసుకోకుండానే సరిగ్గా అల్లింది, ఆవిడ లెక్క గట్టిది" అన్నాడు. మంచాలు మళ్ళీ మార్చుకున్నాం.

ఇప్పుడు అసలు చలి మొదలైంది. ఇంజను ఆపితే మళ్ళీ లేవదు, అందుకని ఆపం. నెల రోజులుగా ఎనిమిది ఇంజన్లూ ఆగకుండా మోగుతున్నాయి. మాట్లాడుకోవాలంటే అరవాలి, దాంతో అందరం పోట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. మీ ఫారంలో 'స్టార్టింగ్' అని ఒక గడుంది. అందులో గీతే పెడుతున్నా. ఆపనిదాన్ని స్టార్ట్ చేసేదేముంది? డీజిలు మైనంలా పేరుకుంటే ట్యాంకు కింద నిప్పుల పళ్ళెం పెడుతున్నాం. నియమాల పుస్తకం ప్రకారం అది నేరం. పుస్తకం రాసినాయన ఒక్కసారి వచ్చి నిప్పు లేకుండా బండి కదిలిస్తే, వేసే శిక్షేదో సంతోషంగా పడతాను.

వీటన్నిటితో వేగవచ్చు. వేగలేనిది బ్రేకులతో. చక్రం దగ్గర గాలి డబ్బా ఉంటుంది కదా, అందులోని రబ్బరు పొర ఈ చలికి పలకలా బిగుసుకుపోయి, నాలుగు సార్లు తొక్కేసరికి పగులుతోంది. పగిలితే గాలి పోతుంది, గాలి పోతే పెడలు మీద కాలు ఉన్నట్టే ఉంటుంది గానీ కింద ఏమీ ఉండదు. పంపిన స్పేర్లు నెలలోనే అయిపోయాయి. పాత టైరు ట్యూబులు కోసి పొరలు చేసి వేస్తున్నాను. ఆ ట్యూబు రబ్బరు మీ రబ్బరు కంటే నయం. కానీ అది ఎన్నాళ్ళు నిలుస్తుందో నాకూ తెలీదు, ఆ ట్యూబుకీ తెలీదు.

నీ ఉత్తరంలో మీ మేనేజరు నా ఫారాలు అందరికీ చూపించాడన్నావు. హమ్మయ్య, కనీసం ఎవరో ఒకరు చూస్తున్నారు, ఇక రబ్బరు మారుస్తారు అనుకున్నా. నెలన్నా కాలేదు, తొందరపడకూడదంటావు. కానీ ఇరవై సార్లకి పైగా రాశాను, అక్కా. బ్రేకుల గడిలో వరుసగా అవే రెండక్షరాలు. ఇంకెన్నిసార్లు చెడిపోవాలట? నువ్వా గదిలోనే ఉన్నావు కదా, కాస్త చెవిన వెయ్యి.

తమ్ముడు


రికార్డుల గది,
జనవరి 3.

చిరంజీవి తమ్ముడికి,

ఉత్తరం అందింది. మేమంతా క్షేమం. ఇక్కడ కూడా చలిగానే ఉంది. మీ బావకి కొత్త మందిచ్చారు. నీ మేనకోడలు లెక్కల్లో క్లాసులో మొదటొచ్చింది.

నన్ను పర్మినెంటు చేశారు. నిన్ననే ఆర్డరు ఇచ్చారు.

రబ్బరు సంగతి పైవాళ్ళకి చెబుతాను. నీ ఫారాలు అందుతూనే ఉన్నాయి. ఆరోగ్యం జాగ్రత్త, చెవులకి కప్పుకో. పని ఎక్కువగా ఉంది, ఇంతకంటే రాయలేకపోతున్నాను.

అక్క


పై డిపో,
జనవరి 27.

అక్కా,

పర్మినెంటు అయ్యావని నిదానంతో చెబితే ఆయన దాచుకున్న బిస్కెట్ల డబ్బా విప్పాడు. ఆ డబ్బా ఆయన కూతురు పంపింది, అక్టోబరు నుంచి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నీ పేరు మీద అందరం తిన్నాం. నువ్వు మాత్రం టెలిగ్రాం ఇచ్చినట్టు నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావు. పెద్ద ఉద్యోగం రాగానే పెద్ద ఉత్తరాలు మానేస్తారా? మేనకోడలికి మాత్రం ముద్దులు.

ఇక్కడి వింతలు విను. మొన్న మాకు ప్రశంసాపత్రం వచ్చింది. 'అత్యంత నమ్మకమైన బళ్ళున్న డిపో' అట! గోడకి తగిలించమన్నారు. మేకు కొడితే మేకు విరిగింది. చివరికి ఆ పత్రాన్ని చిరిగిన రబ్బరు పొరతోనే కిటికీకి కట్టాం.

దాని వెనకాలే ఇంకో కాగితం వచ్చింది. బ్రేకు పొరలు ఇరవై నాలుగు కావాలని రాస్తే, రెండు పంపారు. 'ఈ డిపోలో బ్రేకు వైఫల్యాలు నమోదు కానందున' అని కారణం కూడా రాశారు. నేను దాన్ని మూడు సార్లు చదివాను. మా అధికారికి చూపిస్తే, "నువ్వు ఫారాలు నింపుతున్నావా, లేక వాటితో పొయ్యి వెలిగిస్తున్నావా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మీ గదిలో ఏ మహానుభావుడు లెక్క కట్టాడో గానీ, వాణ్ణి తీసుకొచ్చి ఒక్కసారి ఈ కొండ దింపితే తెలుస్తుంది. ఆ పేరు కాస్త కనుక్కుని రాయి.

ట్యూబులు కూడా అయిపోవచ్చాయి. నిదానం రోజూ బయల్దేరే ముందు, "రబ్బరు డాక్టరూ, ఇవాళ నాడి ఎలా ఉంది?" అని అడుగుతాడు. నేను "బాగు" అంటాను. ఆయన నవ్వి ఎక్కుతాడు. పంపకుండా ఆపుదామంటే పై చౌకీల్లో పొయ్యిలు ఆరిపోతాయి. అక్కడున్నవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు.

పేరు రాయడం మర్చిపోకు.

తమ్ముడు


రికార్డుల గది,
ఫిబ్రవరి 12.

చిరంజీవి తమ్ముడికి,

ఒక ముఖ్యమైన విషయం. ఫారాల్లో ఇకమీదట 'బాగు' అని రాయకు. కొత్త నిబంధన వచ్చింది. 'పొర పగిలింది, వేరేది వేశాను' అని పూర్తిగా రాయాలి. గడి చాలకపోతే వెనక వైపు రాయి. మిగతా మెకానిక్కులకీ చెప్పు. ఇది చాలా అవసరం, అశ్రద్ధ చెయ్యకు.

నువ్వడిగిన పేరు కనుక్కోలేకపోయాను. చాలామంది కలిసి చేసే పని కదా.

జాగ్రత్తగా ఉండు నాన్నా. నిదానం గారిని కూడా జాగ్రత్తగా తోలమను.

అక్క


పై డిపో,
మార్చి 2.

రికార్డుల గది ఉద్యోగిని గారికి,

నిదానం చనిపోయాడు. ఫిబ్రవరి ఇరవై మూడు, మధ్యాహ్నం, ఏడో మలుపు దిగుతుండగా.

ముందు రోజు సాయంత్రం ఆ బండి ఎడమ ముందు చక్రానికి నేనే కొత్త పొర వేశాను. నా దగ్గరున్న ఆఖరి ట్యూబు ముక్క అది, అంచున ఒక అతుకు కూడా ఉంది. ఫారంలో రాశాను. ఏం రాశానో మీకు తెలుసు. పొద్దున ఆయన నాడి అడిగాడు, నేను జవాబు చెప్పాను, ఆయన ఎక్కాడు.

వెనక బండివాడు అంతా చూశాడు. నిదానం రెండో గేరులోనే ఉన్నాడట. బండి జారడం మొదలైనప్పటి నుంచీ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదట, కింద రోడ్డు చదును చేసేవాళ్ళు తప్పుకోవాలని. వాళ్ళు తప్పుకున్నారు. బండిని పైకి లాగాక నేను విప్పి చూశాను. అతుకు దగ్గర పొర చిరిగింది. హ్యాండు బ్రేకు గట్టిగా లాగే ఉంది, కానీ గాలి గొట్టంలో నీరు గడ్డకట్టి అదీ పట్టలేదు. ఆయన చెయ్యాల్సినవన్నీ చేశాడు.

విచారణాధికారి ఆ ముందు రోజు ఫారం నా ముందు పెట్టాడు.

"ఇది నీ రాతేనా?"

"నాదేనండీ."

"బ్రేకుల గడిలో ఏముంది?"

"బాగు."

"నిన్న బాగున్న బ్రేకు ఇవాళ ఎలా పోయిందయ్యా?"

బాగు అంటే బాగు చేశానని, బాగుందని కాదని చెప్పాను. "ఇది ఏ నిఘంటువులో ఉంది?" అన్నాడు. మా నాన్న షెడ్డులో అన్నాను. ఆయన నవ్వలేదు. ఒక నివేదిక తీసి చూపించాడు. గీత ఉంటే ఆ గడి ఎవరూ చూడలేదని లెక్కట, తీసేస్తారట. 'బాగు' ఉంటే చూసి బాగుందన్నారని ఒక మార్కట. అంటే బండి ఎంత చెడితే అంత మార్కు. మా డిపో అందుకే అందరికంటే పైన ఉంది. నివేదిక అడుగున మీ సంతకం ఉంది. ఆ పేరు కనుక్కోమని మిమ్మల్నే అడిగాను.

మీ కొత్త నిబంధన ఉత్తరం ఇరవై ఐదున, నిదానాన్ని కిందికి పంపిన రోజున వచ్చింది. అలాంటి నిబంధనేదీ రాలేదని మా ఆఫీసులో చెప్పారు. నీకెప్పుడు తెలిసింది, అక్కా?

బ్రేకులు బాగున్నాయి కాబట్టి తప్పు తోలినవాడిదేనని తేల్చబోతున్నారు. 'అతివేగం' అని రాస్తారట. నిదానం మీద! ఆయన కూతురు బతికున్నన్నాళ్ళూ ఆ మాట మొయ్యాలి. నాన్న షెడ్డు రిజిస్టరు నీ దగ్గరుంది. అది పంపు. దానితో పాటు ఆ మాటకి అర్థం ఏమిటో నీ చేత్తో రాసి, ఈసారి కూడా కింద సంతకం పెట్టు.

మెకానిక్కు


ఇల్లు,
మార్చి 15.

తమ్ముడూ,

నాకు డిసెంబరు ఇరవై తొమ్మిదిన తెలిసింది. నీ ఉత్తరంలో 'ఇంకెన్నిసార్లు చెడిపోవాలట' అన్న మాటని మళ్ళీ మళ్ళీ చదివాను. అప్పటికి నివేదిక వెళ్ళి తొమ్మిది రోజులైంది. నీ ఫారాలు మళ్ళీ తీసి లెక్కపెట్టాను. ఇరవై మూడు. నువ్వు మొదటి ఉత్తరంలోనే చెప్పావు, నేనే చదవలేదు. చదివాను గానీ, నీ రాత చూసిన సంతోషంలో నీ మాట చూడలేదు.

ఆ మాట నేను పెట్టిందే. నాన్న రేకు కుర్చీలో కూర్చుని, "బ్రేకు బాగు చేశాను అని రాయమ్మా" అని చెబుతుంటే, అంత పొడుగు రాయలేక 'బాగు' అని కుదించేసేదాన్ని. నాన్న మొదట్లో ఒప్పుకోలేదు. "సగం రాస్తే సగం పనే చేశారనుకుంటారు" అన్నాడు. నేను నవ్వాను. ఆ రిజిస్టరు నిండా నేను కుదించిన మాటలే. నీకు నేర్పింది నేనే, నువ్వు రాసింది తప్పుగా లెక్కపెట్టిందీ నేనే. ఈ లోకంలో దాన్ని సరిగ్గా చదవగల మనిషి ఒక్కతే ఉంది, ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఆవిడే.

జనవరి నాలుగున మేనేజరు దగ్గరికెళ్ళాను. "నివేదిక పైకి వెళ్ళిపోయింది. మీ ఇంటి భాష మీ ఇంట్లో పెట్టుకోండి" అన్నాడు. ఆర్డరు వచ్చి రెండు రోజులైంది, కాగితం ఇంకా నా బ్యాగులోనే ఉంది. బయటికొచ్చేశాను. అది తీసేస్తారని భయపడ్డాను. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు. ఉండుంటే బాగుండేది. ఫిబ్రవరిలో లేని నిబంధన పుట్టించి నీకు రాశాను, నిజం చెప్పకుండానే నిన్ను కాపాడుకోవచ్చని. ఆ ఉత్తరం రాయడానికి కూడా నెలకి పైగా పట్టింది.

రిజిస్టరు పంపుతున్నాను. వాంగ్మూలం నాలుగు పేజీలు రాశాను, ఒక్క మాట కూడా కుదించలేదు. జనవరిలో మేనేజరు అన్నదీ, నేను నోరు మూసుకున్నదీ అందులో ఉన్నాయి. మీ బావ మొదట, "ఇద్దరి ఉద్యోగాలూ పోతాయే" అని తల పట్టుకున్నాడు. తర్వాత తనే రంగు గుడ్డలో రిజిస్టరు చుట్టి, దగ్గుకుంటూ పోస్టాఫీసుకి తీసుకెళ్ళాడు.

నిదానం గారి కూతురు బిస్కెట్లు నేను పర్మినెంటు అయినందుకు తిన్నారని రాశావు. ఆ వాక్యం నన్ను పడుకోనివ్వడం లేదు. క్షమించమని అడగను.

అక్క


పై డిపో,
ఏప్రిల్ 20.

అక్కకి,

విచారణ అయిపోయింది.

ఆ అధికారి చెడ్డవాడేం కాదు. నీ నాలుగు పేజీలూ చదివాడు. నాన్న రిజిస్టరు గంటసేపు తిరగేశాడు. "మీ నాన్న మంచి పనివాడయ్యా, ఒక్క బండీ రెండోసారి రాలేదు" అన్నాడు. 'బాగు' అంటే బాగు చెయ్యడమేనని ఒప్పుకున్నాడు. రాయించాడు కూడా. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక గెలిచాం అనుకున్నాను.

అప్పుడు పెన్ను పక్కన పెట్టి, "అయితే ఈ చలికాలంలో బ్రేకులు నలభై ఒక్క సార్లు చెడిపోయాయని నీకు తెలుసు. తెలిసే పంపించావు" అన్నాడు. మొదటి అర్థంలో నేను అబద్ధాలకోరుని. రెండో అర్థంలో హంతకుణ్ణి. ఆయన మర్యాదగా 'నిర్లక్ష్యం' అన్నాడు.

పంపకపోతే పై చౌకీల సంగతేమిటని అడిగాను. అది తన విచారణ పరిధిలో లేదన్నాడు. రబ్బరు సంగతి అడిగాను. అది ఫ్యాక్టరీ పరిధిలోదట. కనీసం నిదానం మీద ఆ మాట తీసెయ్యండని బతిమాలాను. తియ్యలేదు. నలభై సార్లు నిలిచిన మరమ్మతు నలభై ఒకటోసారి నిలవలేదంటే, తేడా తోలినవాడి వేగంలోనే ఉండాలట. వెనక బండివాడి సాక్ష్యం 'స్నేహితుడి మాట' అని పక్కన పెట్టారు. నువ్వు పంపిన రిజిస్టరే ఆ లెక్కకి ఆధారం, అక్కా. నేను అడిగే నువ్వు పంపావు, కాబట్టి నిన్నేమీ అనలేను. అనగలిగితే కాస్త తేలికపడేవాణ్ణి.

నన్ను బళ్ళ దగ్గరికి రానివ్వరు. టైర్ల స్టోరులో వేశారు. మొన్న కొత్త ట్యూబులు రెండు వందలు వచ్చాయి, లెక్కపెట్టి అరల్లో సర్దాను. చలి కూడా తగ్గింది. నిదానం మంచం ఖాళీగా ఉంది. అందరూ నన్నే తీసుకోమంటున్నారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

తమ్ముడు


రికార్డుల గది,
మే 9.

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మేనేజరు పిలిచాడు. ఉద్యోగం ఊడుతుందనుకుని, బల్ల సొరుగు ఖాళీ చేసి, టిఫిను డబ్బా కూడా చేత్తో పట్టుకుని వెళ్ళాను. కూర్చోమన్నాడు. ఆరేళ్ళలో ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. విచారణవాళ్ళు నా వాంగ్మూలం నకలు అతనికి పంపారట. "మీరు మాకు చాలా మేలు చేశారు" అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. కాదు.

కొత్త కరపత్రం అచ్చు వేశారు. ఒకటి ఇందులో పెడుతున్నాను, చదివి చించెయ్యి. 'అతి కఠిన వాతావరణంలో సైతం, సాధారణ పనిముట్లతో, అక్కడికక్కడే బాగు! నలభై ఒక్కింట నలభై విజయాలు.' ఆ నలభై నువ్వు వేళ్ళు కొంకర్లు పోతుంటే కోసిన ట్యూబు ముక్కలు. ఆ ఒక్కటి ఎవరో అందులో లేదు. ఇంకో మూడు వందల బళ్ళకి ఆర్డరు వచ్చింది. రబ్బరు మార్చలేదు. మార్చాల్సిన అవసరం లేదని నా వాంగ్మూలమే రుజువు చేసిందట. మీ బావ రోజుకి నాలుగు బళ్ళకి రంగు వేస్తున్నాడు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటాడు, నాతో మాట్లాడడు.

నేను రాజీనామా చేశానని రాస్తానేమోనని ఎదురుచూస్తున్నావేమో. చెయ్యలేదు. నేను పోతే ఆ ఫారాలు చదవగలిగినవాళ్ళు ఒక్కరూ ఉండరని మీ బావకి చెప్పాను. ఆ మాట నాకే అబద్ధంలా వినిపించింది. ధైర్యం లేదు, అంతే.

నన్ను తిట్టు. తిట్టడానికైనా ఉత్తరం రాయాలి కదా.

అక్క


పై డిపో,
మే 30.

అక్కా,

కరపత్రం చించలేదు. నిదానం భార్యకి రాస్తూ దాని వెనక వైపు కూడా వాడుకున్నాను, కాగితాలు చాలక. ఆవిడ తన ఉత్తరంలో ఒక్కటే అడిగింది, "ఆయన నిజంగా వేగంగా తోలాడా?" అని. మొదటి నుంచీ చివరిదాకా అన్నీ పూర్తి మాటల్లో రాశాను. రెండో గేరు, హారన్, అతుకు, నేను పొద్దున చెప్పిన జవాబు. నీ సంతకం సంగతి కూడా రాశాను. ఆవిడ దగ్గర ఏదీ దాచదలుచుకోలేదు. జవాబు రాలేదు. వస్తుందనీ అనుకోవడం లేదు.

మీ కొత్త బళ్ళు నిన్న పది వచ్చాయి. రంగు బాగా కుదిరిందని బావతో చెప్పు. వాటితో పాటు కొత్త ఫారాలు కూడా వచ్చాయి. ఇప్పుడు గళ్ళల్లో రాసే పనే లేదు. ప్రతి గడిలోనూ 'బాగు' అని ముందే అచ్చు వేసి ఉంది, పక్కన టిక్కు పెడితే చాలు. నా చోట వచ్చిన మెకానిక్కు స్టోరుకొచ్చి, పొర పగిలితే ఎక్కడ రాయాలని అడిగాడు. వెనక వైపు రాయమన్నాను. తిప్పి చూశాడు. వెనక వైపు కరపత్రం అచ్చు వేశారు.

నిన్ను తిట్టమన్నావు. చాలాసార్లు కూర్చున్నాను, అక్కా, రాలేదు. తిట్టాలంటే ఎక్కడో కాస్త కోపం మిగలాలి. వచ్చే నెల సెలవిస్తామన్నారు. వద్దన్నాను. నీ ఎదురుగా కూర్చుని ఏం మాట్లాడాలో నాకు తెలీదు.

అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను బాగు. నువ్వు నేర్పిన మాటే రాశాను. ఈసారి ఏ వరుసలో లెక్క వేసుకుంటావో నీ ఇష్టం.

తమ్ముడు